కాలువ రాయి అవతల అయిదు గుంటలు

బుచ్చయ్య క్యాంపు రంగయ్య వాదన మొదలుపెడితే ఎద్దులు నెమరు ఆపి వింటాయని చెప్పుకుంటారు. అబద్ధమనుకునేరు. ఓసారి ఆయన సింధనూరులో రాయచూరు బస్సెక్కి, కూలివాడి చెమటలో యజమాని వాటా ఎంతో కండక్టరుకి వివరించడం మొదలెట్టాడు. జవళగేరలో దిగాల్సినవాళ్ళు ఒక్కరూ దిగలేదు. పోతనాళ దాటింది. మాన్వి చేరాక గానీ డ్రైవరుకి తను ఎక్కడా ఆపలేదన్న సంగతి తట్టలేదు. ఆ బస్సులోంచి దిగినవాళ్ళలో ఇద్దరు పార్టీలో చేరారు, ఒకాయన సన్యాసంలో కలిశాడు. మూడోది కొంచెం కలిపి చెప్పాను గానీ మొదటి రెండూ నిజం.

అంత నోరున్న మనిషి, మొన్న శ్రావణంలో పదకొండు రోజులు నోరు విప్పలేదు. భార్య సత్యభామ గొంతు నొప్పేమోనని మిరియాల కషాయం పోసింది. పన్ను పోటేమోనని లవంగం పెట్టింది. దిష్టి కూడా తీసింది, దేవుణ్ణి నమ్మని మొగుడి చుట్టూ మిరపకాయలు తిప్పితే ఆయన కిక్కురుమనకపోవడం చూసి అప్పుడు నిజంగా భయపడింది.

నొప్పి గొంతులో లేదు, పంటిలో లేదు. పిల్లకాలువ గట్టు పక్కన అయిదు గుంటల నేలలో ఉంది.

నలభై గుంటలైతే ఎకరం. రంగయ్యకి పన్నెండెకరాలు. వాళ్ళ నాన్న తణుకు పక్కన ఒక ఎకరం అమ్ముకుని, తుంగభద్ర ఎడమ కాలువ కింద తుమ్మకంపలో పన్నెండు కొన్నాడు. అట్లా వలసొచ్చినవాళ్ళ ఊళ్ళనే అక్కడ క్యాంపులంటారు. కంప కొట్టించి, మడి కట్టించి, కొడుక్కి వరి అప్పగించి పోయాడు. కొడుకు వరితోపాటు ఎర్రజెండా కూడా పెంచాడు. ఊడ్పుల కూలి రేటు పెంచమని ఊరేగింపు ముందు నడిచేదీ ఆయనే, మర్నాడు ఆ పెరిగిన రేటు ఇవ్వాల్సిందీ ఆయనే. ఇచ్చేవాడు కూడాను, కాస్త మూలిగి.

ఈ వేసవిలో పిల్లకాలువ మీద నీటి సంఘానికి ఎన్నికలొచ్చాయి. తూముల తాళాలు సంఘం అధ్యక్షుడి దగ్గర ఉంటాయి. పదేళ్ళుగా ఆ తాళాలు హరిబాబు నడుముకి వేలాడుతున్నాయి. ఎగువన నలభై ఎకరాలు, ఒక రైసుమిల్లు, నవ్వితే కనపడే బంగారు పన్ను. నీళ్ళు ముందు ఆయన పొలంలో మునకేసి, ఆయన బంధువుల పొలాల్లో చేతులు కడుక్కుని, మిగిలితే కాలువ చివరికి బయల్దేరేవి. చివరి మూడు వందల ఎకరాల్లో కప్పలు కూడా కూజా వెంట తెచ్చుకునేవని రంగయ్యే చెబుతుండేవాడు.

జవళగేరలో టీ హోటలు వెనక రేకుల గదిలో పార్టీ శాఖ సమావేశమైంది. కార్యదర్శి యల్లేశ్, పంక్చర్ల కొట్టు కుర్రాడు, ఊరివాడే. పోటీ చెయ్యాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. అది పట్టాదారుల సంఘం, భూమి లేనివాడికి ఓటు లేదు, అక్కడికెళ్ళడమంటే ఆసామి విస్తట్లో చెయ్యి పెట్టడమే అన్నారు కొందరు. వెళ్ళకపోతే హరిబాబు విస్తరి ఖాళీ అవుతుందా అన్నారు ఇంకొందరు. పక్కూళ్ళో ఉన్న ఇంకో ఎర్రజెండా పార్టీ అప్పటికే హరిబాబుకి మద్దతని చెప్పేసింది. పెద్ద శత్రువుని కొట్టాలంటే చిన్న శత్రువుతో చెయ్యి కలపాలని వాళ్ళ సిద్ధాంతం. చిన్న శత్రువు పెద్దవాడయ్యేదాకా మేపుతారన్నమాట అని రంగయ్య అంటే గదంతా నవ్వింది. నవ్వు దొరికితే ఆయన ఆగడు. అసలు ఈ దేశపు ఎన్నికల పద్ధతే తప్పుడు త్రాసన్నాడు. వందమందిలో ముప్పైనాలుగు మంది మెచ్చినవాడు రాజు, అరవైయారు మంది మాట గాలికి. పడ్డ ఓట్లను బట్టి సీట్లు పంచే పద్ధతి రావాలని గంటంబావు చెప్పాడు.

యల్లేశ్ గోడ గడియారం చూశాడు. "గా పద్ధతి వచ్చేదాంక కాల్వల నీళ్ళు ఆగుతయా పెద్దాయనా?"

అప్పటిదాకా తలుపు దగ్గర కూచున్న సుంకవ్వ నోరు తెరిచింది. ముప్పై మంది ఆడవాళ్ళ నాట్ల ముఠాకి పెద్ద. యాభై దాటిన మనిషి, మోకాళ్ళకి మట్టి రంగు శాశ్వతంగా పట్టేసింది. రంగయ్య ఇంటి పొలంలో పదహారో ఏట నుంచీ నాట్లు వేస్తోంది. దొరా అన్నట్టు ధణీ అని పిలవొద్దు, కామ్రేడ్ అనాలి అని ఆయన ఎంత నేర్పినా, రెండూ పోనివ్వకుండా "కామ్రేడ్ ధణీ" అనేది.

"నీళ్ళు లేకుంటే నాటు లేదు, నాటు లేకుంటే మాకు కూలి లేదు," అంది. "మరి నీళ్ళల్ల మాది ఏం లేదంటే ఎట్ల?"

ఆ ఒక్క మాటతో తేలిపోయింది, నిలబడాల్సింది సుంకవ్వేనని. కాలువ చివర చిన్నరైతులు నూటముప్పై మంది, ఎగువ తొంభై. అయిదు గుంటలున్నా యాభై ఎకరాలున్నా మనిషికి ఒకటే ఓటు. లెక్క ప్రకారం గెలుపు ఖాయం. కాలువ చివరి రైతుల్లో ఒకణ్ణి నిలబెడదాం, అతనికి పట్టా ఉంది కదా అని ఎవరో గొణిగితే, కూలోళ్ళ పార్టీ అని బోర్డు పెట్టి రైతుని నిలబెడతారా అని రంగయ్య గద్దించాడు. పక్కన మారు అభ్యర్థిగానైనా ఉంచుదామంటే, అదీ వద్దు, అది మన నమ్మకం మీద మనకే నమ్మకం లేనట్టు అన్నాడు.

మిగిలింది ఒకటే. సుంకవ్వకి భూమి లేదు. సంఘంలో సభ్యత్వానికి సరిపడా అయిదు గుంటలు ఎవరైనా రాసివ్వాలి. భూమి ఉన్న కామ్రేడ్లు ఆ గదిలో ఏడుగురు. ఒకరు తిరగని ఫ్యాను వంక చూశారు, ఒకరికి ఫోనొచ్చింది, ఒకరికి అర్జంటుగా బయటికెళ్ళాల్సొచ్చింది. రంగయ్య చెయ్యి లేచింది. యాభై ఏళ్ళుగా తీర్మానాలకి లేచిలేచి అలవాటైన చెయ్యి, ఆయన్ని అడిగి లేవలేదు. చప్పట్లు కొట్టాక దించడానికి లేకపోయింది.

సర్వేయరు వచ్చిన రోజు పొద్దున్నే రంగయ్య అతన్ని వెంటేసుకుని పొలమంతా తిరిగాడు. తూము దగ్గరిస్తే, నీళ్ళు మొదట పడే చోటు, వద్దు. నడిమధ్య ఇస్తే మడి రెండు ముక్కలవుతుంది. మోటారు పక్క నేల నాన్న స్వహస్తాలతో చదును చేసింది. అట్లా ఒక్కో మడికీ ఒక్కో మంచి గుణం గుర్తొస్తూ వచ్చింది. ముప్పై ఏళ్ళలో తన పొలాన్ని అంత ప్రేమగా ఆయన ఎప్పుడూ చూడలేదు. చివరికి కాలువ గట్టు పక్కకి చేరారు. అక్కడ సగం భూమిలో కూరుకుపోయిన నల్లరాయి ఉంది. తను మీసాలొచ్చే వయసులో ఉండగా పిల్లకాలువ వెడల్పు చెయ్యడానికి ప్రభుత్వం రాయికి అవతలి నేల తీసుకుంది. నాన్న పరిహారం పుచ్చుకున్నాడు, కాగితం పెట్టెలో పెట్టాడు. కాలువ అంత వెడల్పు అయిందీ లేదు, పహణీలో పేరు మార్చిందీ లేదు. రికార్డులో ఆ నేల ఇంకా రంగయ్య కుటుంబానిదే.

ఆయన నడుస్తూ నడుస్తూ అలిసిపోయినట్టు ఆ రాయి మీద తువ్వాలు పరిచి కూచున్నాడు. "ఇదిగో, ఇక్కణ్ణుంచి కొలవండి," అని అవతలికి చెయ్యి చూపించాడు.

సర్వేయరు పహణీ చూశాడు, గొలుసు లాగాడు, బొమ్మ గీశాడు. రంగయ్య కొలతంతా అయ్యేదాకా రాయి మీంచి లేవలేదు. ఓటుకి కావాల్సింది కాగితమే గాని మట్టి కాదు కదా అనుకున్నాడు. ప్రభుత్వమే మర్చిపోయిన దాన్ని నేనెందుకు గుర్తుపెట్టుకోవాలి అనుకున్నాడు. వాదనలో ఎవరినైనా ఓడించగల మనిషికి, తనని తాను ఓడించుకోవడానికి అయిదు నిమిషాలు పట్టలేదు.

రిజిస్టరైంది. కాలువకి నీళ్ళొదిలాక ఒక ఆదివారం సుంకవ్వ ముఠాని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ రోజు కూలి మానుకుని వచ్చారు ముప్పై మందీ. ఎవరి మళ్ళోనో మిగిలిన నారు కట్టలు అడిగి తెచ్చుకున్నారు. అయిదు గుంటలకి ముప్పై మందంటే గుమ్మడికాయకి ముప్పై కత్తులు, అయినా ఒక్కొక్కళ్ళూ ఒక్క వరసైనా నాటాలని పట్టుబట్టారు. వరస సరిగా రాలేదని సుంకవ్వ ఒక పిల్ల చేత పీకించి మళ్ళీ నాటించింది. ఊరందరి పొలాల్లో నాటిన మనిషి, తన పొలంలో నాటడం అదే మొదటిసారి. సత్యభామ అందరికీ బొరుగులు, బెల్లం పంపింది. రంగయ్య మాత్రం గట్టు మీద నిలబడలేక, మోటారులో ఏదో చప్పుడొస్తోందని చెప్పి వెళ్ళిపోయాడు. మోటారు ఆ రోజు వెయ్యనే లేదు.

నామినేషన్ల పరిశీలన రోజున ఎన్నికల అధికారిగా వచ్చింది వర్షిణి అనే చిన్న ఇంజనీరమ్మాయి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. హరిబాబు పాత కాగితం నకలు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. కాలువకి భూములు పోయినవాళ్ళ జాబితా. అందులో హరిబాబు నాన్న పేరు కూడా ఉంది, అందుకే వాళ్ళింట్లో భద్రంగా ఉంది. వర్షిణి సర్వే నంబరు చూసి, బొమ్మ చూసి, ఇంకోసారి చూసి, సుంకవ్వకి భూమి లేనట్టేనని, సభ్యత్వం చెల్లదని, నామినేషన్ కొట్టేస్తున్నానని కన్నడంలో చదివింది. సుంకవ్వ అర్థం కానట్టు రంగయ్య వంక చూసింది. ఆయన గోడ మీద సున్నం వంక చూశాడు.

బయట చెట్టు కింద హరిబాబు చెప్పులేసుకుంటూ దగ్గరికొచ్చాడు. "బాబాయ్, మా నాన్న పేరు కింద మీ నాన్న పేరే ఉంది. ఆ కాగితం మీ ఇంట్లో లేదా?"

"లేదు," అన్నాడు రంగయ్య.

ఆ పదకొండు రోజులకి ముందు ఆయన ఆడిన చివరి మాట అది.

గడువు అయిపోయింది. మారు అభ్యర్థి లేడు. యల్లేశ్ ఊరుకోలేదు. ఆ కాగితం దొంగదని, ఇంజనీరమ్మ హరిబాబు దగ్గర తిన్నదని, ఆమెని సస్పెండు చేసి ఎన్నిక మళ్ళీ పెట్టాలని సింధనూరు దాకా గోడలన్నీ ఎర్ర రంగుతో నింపాడు, ధర్నాకి పిలుపిచ్చాడు. వర్షిణి పేరు పక్కన రాసిన మాటలు కొన్ని ఇక్కడ రాయలేను. ఆ పిల్ల రోజూ ఆఫీసుకి ఆ గోడల పక్కనుంచే స్కూటీ మీద వెళ్ళాలి. ఒకనాడు రంగయ్య ఎరువుల కోసం వెళ్ళి, ఆమె బండి ఆపి ఒక గోడ ముందు నిలబడి ఉండటం చూశాడు. చదువుతోందో, తన పేరు తుడవడానికి వీలుందా అని చూస్తోందో తెలీదు. ఎరువులు తేకుండానే ఇంటికొచ్చాడు.

ధర్నా రోజు కరపత్రంలో వక్తల వరసలో మొదటి పేరు రంగయ్యది. దానికి రెండు రోజుల ముందు పొద్దున్న రేకుల గదికి వెళ్ళి, పన్నెండో రోజు నోరు విప్పి, రాయి సంగతి మొత్తం చెప్పాడు. తువ్వాలు పరిచిన సంగతి కూడా.

ఎవరూ తిట్టలేదు. తిడితే బావుండేది. చర్చ పెట్టారు. వ్యక్తి తప్పు వేరు, ఉద్యమం వేరు అన్నారు ఒకరు. ఈ పరిస్థితిలో నిజం ఎవరికి ఉపయోగపడుతుందో చూడాలి అన్నారు మరొకరు. కాలువ వెడల్పు చెయ్యని ప్రభుత్వానికి ఆ నేల మీద నైతిక హక్కు లేదన్నారు ఇంకొకరు. ఒక్కొక్క మాటా రంగయ్య గుర్తుపట్టాడు. అన్నీ తను నేర్పిన వాదనలే. నేర్పినవాడి కంటే బాగా చెబుతున్నారు.

యల్లేశ్ తల పట్టుకు కూచున్నాడు. "నిజం చెప్తే హరిబాబు గెలుస్తడు," అన్నాడు. "చెప్పకుంటే సుత హరిబాబే గెలుస్తడు. కాని మనం ఓడినట్టుండదు."

"మరి సుంకవ్వని అడగొద్దా?" అన్నాడు రంగయ్య.

ఆమె కూలికి వెళ్ళిందన్నారు. కూలి పోగొట్టుకుని మీటింగుకి రావడం నెలకోసారే కుదురుతుంది ఆమెకి. చేతులెత్తారు. అయిదు చేతులు, నిజం గది దాటకూడదని. ఎత్తనివి రెండు. ధర్నాలో మామూలుగా మాట్లాడాలని రంగయ్యకి ఆదేశం.

పార్టీ మాటంటే ఆయనకి పార్టీ మాటే. పెళ్ళి కూడా శాఖ ఒప్పుకున్నాకే చేసుకున్నాడు. అయినా ఆయన ఇంటికి పోలేదు. ముఠా ఎక్కడుందో కనుక్కుని హరిబాబు పొలానికే వెళ్ళాడు. ముప్పై మంది నడుములు వంచి వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుతున్నారు. ఆయన పంచె ఎగ్గట్టి మడిలోకి దిగాడు. మోకాలి లోతు బురదలో నిలబడి, అందరి ముందూ చెప్పాడు. సుంకవ్వ నడుం ఎత్తలేదు, చేతిలో కట్ట అయ్యేదాకా నాటుతూనే వింది. అయ్యాక లేచింది.

"గా రాయి నేను సూడలేదనుకున్నవా? ఏనాడో సూసిన. నీవు సదివినోనివి, గవర్మెంటు ఇడిసిపెట్టిందేమో, లేకుంటే ధణి ఎందుకిస్తడు అనుకున్న."

రంగయ్య మోటారు పక్క అయిదు గుంటలు రాసిస్తానన్నాడు. ఈసారి నిజం నేల.

"ఓటుకని ఇస్తనంటివి. ఓటు పాయె, అయిదేండ్లు పాయె," అంది. "ఇప్పుడు ఇచ్చేది నాకా, నీ నిద్రకా?"

పక్క వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. సుంకవ్వ ఇంకో కట్ట విప్పింది.

"తీసుకుంట. ఎందుకు తీసుకోను. కాని ముందుగాల గా ఇంజనీరమ్మ పేరు గోడల మీదికెల్లి దిగాలె. మేం లేని తప్పు మోసినోళ్ళం, గది ఎంత బరువుంటదో మాకెరుక. ఇగ బయటికి నడువు, నారు తొక్కుతున్నవ్."

కామ్రేడ్ అనలేదు, ధణీ అనలేదు.

ధర్నాకి అయిదారు వందల మంది వచ్చారు. రంగయ్య మైకు పట్టుకుని, కాలువ రాయి మీద తువ్వాలు పరుచుకుని కూచున్న ముసలాడి కథ మొదలెట్టగానే ముందు వరసలవాళ్ళు సర్దుకుని కూచుని నవ్వడం మొదలెట్టారు. రంగయ్య కథంటే నవ్వాలని వాళ్ళకి తెలుసు. ముసలాడి పేరు చెప్పినా నవ్వారు. ఆయన జేబులోంచి నాన్న పెట్టెలోని పాత కాగితం తీసి, సర్వే నంబరు, తారీకు, నాన్న వేలిముద్ర సాక్ష్యం చదివాడు. నవ్వు ఆ మూల నుంచి ఈ మూలకి ఆరిపోతూ వచ్చింది. ఇంజనీరమ్మ చేసింది సరైన పని అన్నాడు. గోడలు తుడవాల్సింది నేనన్నాడు. యల్లేశ్ వచ్చి మైకు అందుకోలేదు. బల్ల దిగి టెంటు వెనక్కి వెళ్ళిపోయాడు.

గోడలు మూడు రోజులు పట్టాయి. సున్నం బకెట్టుతో డెబ్బై రెండేళ్ళ మనిషి నిచ్చెనెక్కుతుంటే, సత్యభామ కింద నిచ్చెన పట్టుకుని, యాభై ఏళ్ళ పార్టీలో మొదటిసారి పనికొచ్చే పని చేస్తున్నారని ఎత్తిపొడిచింది. మూడో రోజున వర్షిణి స్కూటీ అటుగా వచ్చింది. నెమ్మదించింది. ఆగలేదు. ఆయన దండం పెట్టడానికి చెయ్యెత్తేసరికి మలుపు తిరిగిపోయింది.

తీర్మానం ధిక్కరించినందుకు శాఖ ఆయన్ని ఆర్నెల్లు సస్పెండు చేసింది. అనుకూలంగా లేచిన చేతుల్లో ఆయనదీ ఉంది. సస్పెండైనవాడికి ఓటు లేదని యల్లేశ్ ఆ చెయ్యి లెక్కలోంచి తీసేశాడు.

హరిబాబు పోటీ లేకుండా గెలిచాడు. మోటారు పక్క నేల సుంకవ్వ పేర రిజిస్టరైంది. ఆమె నాటింది, థాంక్సు చెప్పలేదు. భాద్రపదం నడిమికి కాలువ చివర మూడు వందల ఎకరాలు ఎండిపోయాయి. నాట్లు వెయ్యాల్సిన మళ్ళలో ఆ ఏడు చెయ్యి పెట్టే పని లేక, ముఠాకి ముఠా టెంపో ఎక్కి ఎక్కడో భీమా నది పక్క పత్తి చేలకి బయల్దేరింది. రెండు నెలలకి తిరిగొస్తారట. పొద్దున్నే రోడ్డు మీద టెంపో ఆపించి సుంకవ్వ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"నా మడికి నీళ్ళు కట్టు. రోజు ఇడిసి రోజు. కలుపు సుత సూడు."

రంగయ్య సరేనన్నాడు. టెంపో వెళ్ళింది.

అప్పట్నుంచి ఆయన రోజు విడిచి రోజు పొద్దున్నే పార పట్టుకు వెళ్ళి, తన వంతు నీళ్ళు ముందు ఆమె మడికి మళ్ళిస్తున్నాడు. మడి చిన్నది, గట్టిగా అరగంట పట్టదు. నిండగానే గండి పూడ్చి, గట్టెక్కి నిలబడతాడు. అక్కణ్ణుంచి కాలువ దిగువకి చూస్తే చివరి భూములు కనిపిస్తాయి, బీటలు వారి, తెల్లగా. ఇంకొకరికి తను ఇవ్వగల నీళ్ళు అయిదు గుంటల్నే తడుపుతాయి. అక్కడి నూటముప్పై మంది రైతులు ఎదురుపడినప్పుడు ఎప్పటిలాగే నమస్కారం పెడతారు, ఓ కథ చెప్పమంటారు. ఆయన పార భుజాన వేసుకుని, పనుందని చెప్పి పక్కనుంచి నడిచిపోతాడు.